నీకేమి కావలెనని అడిగితిమా?

యెరికో త్రోవప్రక్కను కూర్చుండి భిక్షమెత్తుకొనుచుండిన బర్తిమయి అను గ్రుడ్డివాని సంగతి మార్కు సువార్త 10వ అధ్యాయములో మనము చదువుచున్నాము. అతడు బిగ్గరగా మొరపెట్టగా ప్రభువు ఆగి, అతనిని పిలిపించి, తన వలన అతనికి కావలసిన దేమో చెప్పుమని అడిగెను. ఇది మొదట వింతగా తోచును. గ్రుడ్డివానికి చూపుకంటె మరేమి కావలెను? గుంపులోని చిన్న పిల్లవాడైనను ఆ జవాబు చెప్పియుండును. అయినను ఆయన అడిగెను. ఎదుటివాని లోటు అందరి కన్నులకు కనబడుచున్నను, అతని కోరిక మాత్రము అతని నోటనుండియే రావలెనని ఆయన యెంచెను.

ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొని, ఈ నెల మేము ఒక వ్యాధిని గూర్చియు, దానికి నేడు మన నగరములో జరుగుచున్న ఒక శస్త్రచికిత్సను గూర్చియు ఆలోచింపగోరుచున్నాము. ఆ వ్యాధి పార్కిన్సన్స్. మన ఆయుర్వేద వైద్యులు కంపవాతమని చెప్పునది. ఆ చికిత్స పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, ఆసుపత్రులలో డి.బి.ఎస్. అందురు. వైద్యము చెప్పుట వైద్యుల పని, మా పని కాదు. అయితే ఆ చికిత్సను ఎన్నుకొనుటలోను, మానుకొనుటలోను ఒక నీతి ప్రశ్న యున్నది. ఒకనికి మేలు చేయగోరువారు, ఆ మేలు ఏదియో అతనిని అడుగకుండ తామే నిర్ణయింపవచ్చునా?

మన నగరము, మన ఇండ్లు

హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. బండరాళ్ల గుట్టలుగా నుండిన ఆ ప్రాంతము హైటెక్ సిటీ అయ్యెను. కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలు లేచెను. మెదడులో అమర్చు ఈ యంత్రముతో కూడ ఈ ప్రాంతమునకు సంబంధము కలదు. అమెరికాలో 1997లో ఈ చికిత్సకు మొదటి ప్రభుత్వానుమతి పొందిన యంత్రము మెడ్‌ట్రానిక్ కంపెనీవారిది. ఆ కంపెనీయే 2020లో 1,200 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించి, 2021 ఏప్రిల్ నెలలో నానక్‌రామ్‌గూడలో తన పరిశోధన కేంద్రమును ప్రారంభించెను. అమెరికా వెలుపల తమకిది అన్నిటికంటె పెద్ద పరిశోధన కేంద్రమని వారు అప్పుడు చెప్పిరి.

ఈ మేడలలో పనిచేయువారి తలిదండ్రులు అనేకులు గుంటూరునుండియు, ఏలూరునుండియు, వరంగల్లునుండియు వచ్చి పిల్లలయొద్ద కాపురముందురు. వారిలో ఒకరికి చేయి వణకసాగినదనుకొందము. కుమారుడు రాత్రి తన ఫోనులో ఒక వీడియో చూచును. అందులో ఒక రోగి గ్లాసు పట్టుకొనలేక వణకుచుండును. యంత్రపు స్విచ్చి వేయగానే చేయి నిలుచును. కుమారుని కన్నులు చెమర్చును. తెల్లవారగనే, "నాన్నగారూ, డాక్టరుగారితో మాట్లాడితిని. వచ్చే నెల ఆపరేషను. మీరు దేనికిని దిగులుపడవద్దు" అనును. తండ్రి, "సరే నాయనా, నీకు మంచిదని తోచినట్లు చేయి" అనును. అమెరికాలోనున్న కుమార్తె ఫోనులో సంతోషించును. ఇందులో ప్రేమకు లోపము లేదు. అయితే తండ్రి ఏమి కోరుచున్నాడో ఎవరును అడుగలేదు. ఆ వీడియో చేతిని చూపెను గాని, అయిదేండ్ల తరువాత ఆ మనిషి కంఠస్వరమును వినిపింపలేదు.

వ్యాధి ఎట్టిది

1817లో లండను నగరపు వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల సంగతులతో ఈ వ్యాధిని గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. మెదడు అడుగుభాగమున నల్లగా కనబడు ఒక చోటనున్న కణములు డోపమైన్ అను రసాయనమును తయారుచేయును. మన కదలికలు ఒద్దికగా సాగుటకు అది కావలెను. ఆ కణములు క్రమముగా నశించినప్పుడు చేయి వణకును, కండరములు బిగిసికొనును, పనులన్నియు నిదానించును. చొక్కా గుండీ పెట్టుకొనుటకు చాల సేపు పట్టును. వ్రాసిన అక్షరములు పోను పోను చిన్నవగును. ముఖమున నవ్వు కనబడదు గనుక, ఈయనకు మనపై కోపమేమోయని ఇంటివారు పొరబడుదురు.

మన దేశమున పూర్వమునుండి కంపవాతమునకు దూలగొండి గింజలను వాడుచుండిరి. 1937లో దామోదరన్, రామస్వామి అను మన శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి లెవొడోపా అను పదార్థమును వేరుచేసిరి. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ అను వైద్యుడు అదే పదార్థమును మెల్లమెల్లగా హెచ్చు మోతాదునకు పెంచి యిచ్చి, మంచమునకంటుకొనిన రోగులను నడిపించెను. నేటికిని ఈ వ్యాధికి ముఖ్యమైన మందు ఇదియే. అయితే కొన్ని యేండ్లు గడచిన పిమ్మట మాత్ర పనిచేయు కాలము తగ్గును. మాత్ర ప్రభావము తీరిపోగానే దేహము బిగిసికొనును. మాత్ర బలముగా నున్నప్పుడు చేతులు, మెడ తమంతట తామే మెలికలు తిరుగును. రోగి దినమంతయు గడియారమునకు దాసుడై జీవించును. డి.బి.ఎస్. మాట వచ్చునది సాధారణముగా ఈ దశలోనే.

చికిత్స ఎట్లు జరుగును

ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ పట్టణములో 1987లో ఆలిం లూయీ బెనాబిడ్ అను శస్త్రవైద్యుడు ఒక సంగతి కనుగొనెను. మెదడులోని ఒకచోట వేగముగా విద్యుత్తు తాకిడులు పంపినయెడల, ఆ భాగమును కాల్చివేయనక్కరలేకయే వణుకు ఆగుచుండెను. అమెరికాలో మాలన్ డిలాంగ్ అను శాస్త్రజ్ఞుడు, ఈ వ్యాధిలో మెదడులోని ఏ దారులు చెడునో కోతులపై చేసిన పరిశోధనలవలన చూపెను. వారిద్దరికి 2014లో లాస్కర్ బహుమానము లభించెను. ఈ చికిత్సకు అమెరికా ప్రభుత్వము వణుకు విషయమై 1997లోను, పార్కిన్సన్స్ వ్యాధి విషయమై 2002లోను అనుమతినిచ్చెను. మన నగరములో పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, అనగా నిమ్స్‌లో, ఈ చికిత్స అనేక సంవత్సరములుగా జరుగుచున్నది. ప్రయివేటు ఆసుపత్రులలోను జరుగుచున్నది.

తలకు చట్రము బిగించి, పుర్రెలో చిన్న రంధ్రము చేసి, మిల్లీమీటరుకంటె కొంచెము లావైన తీగెను మెదడు లోతునకు దింపుదురు. అది చేరవలసిన చోటు చిక్కుడు గింజకంటె పెద్దది కాదు. తీగె సరియైన తావున పడెనో లేదో తెలియుటకు, పలుచోట్ల రోగిని మెలకువగనే యుంచి, మాటలాడించుచు, చేయి కదల్పించుచు పరీక్షింతురు. తరువాత తీగెలను చర్మముక్రిందుగా తెచ్చి, ఎదపై కంటియెముక దిగువను అమర్చిన యంత్రమునకు కలుపుదురు. అది సామాన్యముగా సెకనుకు 130 పర్యాయములు విద్యుత్తు తాకిడిని పంపును. సరియైన మోతాదు కుదురుటకు నెలలు పట్టును. బ్యాటరీ కొన్ని రకములలో 3 మొదలు 5 ఏండ్లకు మార్చవలెను. ఇంటిలో చార్జి చేసికొను రకములు 15 ఏండ్లవరకును, కొన్ని అంతకు మించియు పనిచేయును.

మేలు ఎంత

మేలును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. 2006లో జర్మనీ వైద్యులు 156 మంది రోగులపై చేసిన పరిశోధన ఫలితములను ప్రకటించిరి. మందుతోకూడ ఈ చికిత్స పొందినవారి దినచర్య, ఆరు నెలలలో, మందు మాత్రమే తీసికొన్నవారికంటె స్పష్టముగా మెరుగుపడెను. 2009లో అమెరికాలో 255 మందిపై జరిగిన పరిశోధనలో, చికిత్స పొందినవారికి మెలికలు లేకుండ చక్కగా తిరుగాడగల సమయము దినమునకు 4.6 గంటలు పెరిగెను. మందు మాత్రమే తీసికొన్నవారికి ఏమియు పెరుగలేదు. దినమునకు నాలుగున్నర గంటలనగా ఏమో, మంచముపై బిగిసి పండుకొనినవారికే తెలియును. మాత్రల మోతాదు కూడ అనేకులకు సగమునకు తగ్గును.

అయితే ఈ చికిత్స వ్యాధిని మాన్పదు. కణములు నశించుట నాపదు. వ్యాధి తన దారిని తాను నడచుచునే యుండును. ఈ ఒక్క మాట స్పష్టముగా చెప్పబడని యింట తరువాత నిరాశ కలుగుట నిశ్చయము.

ఎవరికి మేలు కలుగును

చికిత్స ఫలించునో లేదో ముందుగా సూచించు గురుతులు కొన్ని కలవు.

మొదటిది, లెవొడోపా పనిచేయుట. రాత్రి మందు మాన్పించి, ఉదయమున రోగిని పరీక్షించి, తరువాత మందిచ్చి మరల పరీక్షింతురు. మందువలన నూటికి 30 వంతులకు తక్కువ కాకుండ మెరుగుదల కనబడవలెనని వైద్యులు సామాన్యముగా చూతురు. దీని యర్థము ఆలోచింపదగినది. మందు బాగుగా పనిచేయు గడియలో ఆ మనిషి ఎంత చురుకుగా నుండునో, యంత్రము అతనిని దినములో ఎక్కువ సేపు అట్లుంచగలదు; సామాన్యముగా అంతకంటె పైకి తీసికొనిపోలేదు. మందుకు లొంగని తడబాటు, మాట స్పష్టత లేకపోవుట, పడిపోవుట యంత్రమునకును లొంగవు. మందుకు లొంగని వణుకు మాత్రము కొన్నిసార్లు యంత్రమునకు లొంగును.

రెండవది, వ్యాధి నిజముగా పార్కిన్సన్స్ అయియుండుట. దానివలెనే కనబడు వేరు వ్యాధులున్నవి; వాటికి ఈ చికిత్సవలన ప్రయోజనము లేదు. అందుచేతనే తొందరపడక, వ్యాధి స్వభావము తేటపడుటకు కొన్ని యేండ్లు కనిపెట్టుదురు.

మూడవది, జ్ఞాపకశక్తియు వివేచనయు చెడకుండుట. మతిమరుపు వ్యాధి ప్రారంభమైనవారికి శస్త్రచికిత్స దానిని హెచ్చింపవచ్చును. తీవ్రమైన మానసిక దిగులున్నచో ముందు దానికి వైద్యము చేయింపవలెను.

నాలుగవది, వయస్సు. సాధారణముగా 70 ఏండ్లకు లోబడినవారు బాగుగా కోలుకొందురు. అయినను అది రాతిగోడ కాదు. 2013లో ప్రకటింపబడిన ఒక ఐరోపా పరిశోధనలో 251 మంది పాల్గొనిరి. వారి సగటు వయస్సు 52 ఏండ్లు, వ్యాధి మొదలై సగటున ఏడున్నర ఏండ్లు. వారిలో చికిత్స పొందినవారికి మేలు కలిగెను. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచు నలుబది దాటగనే ఈ వ్యాధిలో పడువారికి ఇది తెలియదగిన సంగతి.

అయిదవది, తీగె సరియైన తావున పడుట. రెండు మూడు మిల్లీమీటర్ల భేదము ఫలితమును మార్చివేయును. గనుక అనుభవముగల వైద్యబృందమును వెదకుట అవసరము.

ఏమి పోవచ్చును

పుర్రె తెరచునప్పుడు మెదడులో రక్తస్రావము కలుగు భయము నూటికి ఒకరిద్దరి విషయమై యుండును. యంత్రమున్న చోట చీము పట్టుట, తీగె తెగుట కూడ కలవు. పైన చెప్పిన అమెరికా పరిశోధనలో చికిత్స పొందిన 121 మందిలో 49 మందికి ఏదో యొక తీవ్రమైన ఇబ్బంది కలిగెను. మందు మాత్రమే తీసికొన్న 134 మందిలో 15 మందికి కలిగెను. చికిత్స పొందినవారిలో ఒకరు మెదడులోని రక్తస్రావమువలన మరణించిరి.

విద్యుత్తు వలన వచ్చు ఇబ్బందులు వేరు. మాట నత్తిగా, లోగొంతుకతో రావచ్చును. తగిన మాట వెంటనే నోటికి రాకపోవచ్చును. నడకలో నిలుకడ తగ్గవచ్చును. బరువు పెరుగవచ్చును. మందులు త్వరగా తగ్గించినచో కొందరికి దేనియందును ఆసక్తి లేకపోవును. మరికొందరికి అకారణమైన ఉల్లాసము, విచ్చలవిడిగా ఖర్చుపెట్టు బుద్ధి కలుగును. వీటిలో అనేకము విద్యుత్తు మోతాదు మార్చుటచేత తగ్గును. ఇది ఈ పద్ధతిలోని గొప్ప సౌకర్యము. అయితే ఇంటివారు గమనించి చెప్పినగాని వైద్యునికి తెలియదు. 2008లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, చికిత్స పొందిన 5,311 మందిలో 24 మంది ఆత్మహత్య చేసికొనినట్లు తేలెను. ఆ సంఖ్య చిన్నదే. తరువాతి కొన్ని పరిశోధనలలో ఈ అపాయము హెచ్చుగా కనబడలేదు. అయినను మొదటి సంవత్సరము రోగి మనస్సును కనిపెట్టియుండుట ఇంటివారి విధి. మరియొక మాట: ఈ యంత్రమున్నవారికి ఫిజియోథెరపీలో వాడు డయాథెర్మీ అను వేడి చికిత్స ప్రాణాపాయము, అది ఎన్నడును చేయింపరాదు.

ఒకే ఫలితము, ఇద్దరికి రెండు విధములు

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఇద్దరు మనుష్యులను తలంచుకొనుడి. ఒకడు దర్జీ, అతని జీవనమంతయు చేతివ్రేళ్లలో నున్నది. మరియొకడు నలుబది యేండ్లు పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు. అతని జీవనమంతయు నోటిమాటలో నున్నది. ఇద్దరికిని ఒకే చికిత్స జరిగి, ఇద్దరికిని చేయి నిలిచి, మాట కొంచెము మసకబారెననుకొందము. వైద్యుని కొలమానములో ఇద్దరికిని ఒకే లెక్క వచ్చును. కాని దర్జీ సూదిలో దారమెక్కించి ఆనందముతో నవ్వును. ఉపాధ్యాయుడు మనవరాండ్రను పిలిచి కథ చెప్పబోయి, వారు "ఏమిటి తాతయ్యా?" అని మూడవసారి అడిగినప్పుడు మౌనముగా ఊరకుండును. ఒకనికి లాభమైనది మరియొకనికి నష్టమయ్యెను. ఈ భేదము ఏ స్కానులోను కనబడదు. అది ఆ మనిషి దేనికొరకు బ్రదుకుచున్నాడో దానిలో నున్నది. దానిని తెలిసికొనుటకు ఒకే దారి యున్నది, అతనినే అడుగుట.

అడుగుట మర్యాద కొరకు మాత్రమే కాదు. అది చికిత్సలో భాగము. తీగెను దింపుటకు ముఖ్యముగా రెండు చోట్లు కలవు: సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఒకటి, గ్లోబస్ పాలిడస్ రెండవది. 2010లో అమెరికాలో 299 మందిపై ఆ రెంటిని పోల్చి చూడగా, కదలికలలో మెరుగుదల ఇంచుమించుగా సమానమే. మొదటి చోట మందుల మోతాదు ఎక్కువగా తగ్గెను; అయితే మానసికమైన దిగులు కొంత పెరిగెను. రెండవ చోట ఆ దిగులు కొంత తగ్గెను. గనుక రోగి ఏది కోరుచున్నాడో, దేనికి భయపడుచున్నాడో తెలిసినయెడల, తీగె ఎక్కడ దింపవలెనో నిర్ణయించుటకు కూడ అది వైద్యునికి తోడ్పడును.

2006లో పారిస్ నగరపు వైద్యులు 29 మంది రోగులను, వారి ఇంటివారిని శస్త్రచికిత్సకు ముందును తరువాతను విచారించి ఒక వ్యాసము ప్రకటించిరి. బాగుచేయబడిన దేహములో బాధపడు మనస్సా యని దాని పేరులోనే ప్రశ్నించిరి. కదలికలు చక్కబడెను. అయినను 24 జంటలలో 17 జంటల మధ్య కలతలు రేగెను. అంతకు ముందు ఉద్యోగము చేయుచుండిన 16 మందిలో 9 మంది మాత్రమే పనికి మరలిరి. తాము తాముగా లేమని పలువురు చెప్పిరి. ఏండ్ల తరబడి సేవచేసిన భార్యకు తన పని యేమో తెలియకపోయెను. లేచి నడచిన భర్తకు ఆమె కాపుదల భారముగా తోచెను. ఇది యంత్రము చెడుటవలన కాదు. బాగుపడుట యనగా ఏమో ఇద్దరును ముందుగా మాటలాడుకొనకపోవుటయు ఇందుకు ఒక కారణమని మేము తలంచుచున్నాము.

కఠినమైన ఒక ఎన్నిక

నెదర్లాండ్సు దేశమందలి మాస్ట్రిక్ట్ వైద్యులు 2004లో 62 ఏండ్ల రోగి యొకని సంగతి ప్రకటించిరి. యంత్రము పనిచేయునప్పుడు అతడు లేచి తిరుగాడును. గాని అతనికి ఉన్మాదము కలిగి, అడ్డులేని ఖర్చులు చేసి అప్పులపాలయ్యెను. మందులు పనిచేయలేదు. యంత్రము ఆపినచో ఉన్మాదము పోవును. కాని దేహమంతయు బిగిసి అతడు మంచమునకు పరిమితుడగును. మధ్యమార్గము దొరకలేదు. అప్పుడు వైద్యులు యంత్రము నాపి, అతని బుద్ధి తేటగా నున్న సమయమున అతనినే అడిగిరి. యంత్రము నడువనిమ్మనియు, తాను మానసిక వైద్యాలయములో నుందుననియు అతడు చెప్పెను. వారు అట్లే చేసిరి.

అతడు కోరినది సరియో కాదో అని మనలో వాదము కలుగవచ్చును. స్వాతంత్ర్యముకంటె చలనమెక్కువా, చలనముకంటె నెమ్మదిగల మనస్సు ఎక్కువా? దీనికి అందరికి సరిపోవు జవాబు మాకు కనబడలేదు. అయితే ఆ వైద్యులు చేసిన ఒక పని నిస్సందేహముగా సరియైనది. తేటగా ఆలోచింపగల గడియను వెదకి, ఆ గడియలో అతనినే అడిగిరి. మనకైతే ఆ గడియను అంత శ్రమపడి వెదకనక్కరలేదు. శస్త్రచికిత్సకు ముందు నెలలన్నియు ఆ గడియలే.

రెండు ఆక్షేపణలు

కొందరందురు: ఇబ్బందులన్నియు ముందుగా చెప్పినయెడల పెద్దవారు భయపడి మేలును పోగొట్టుకొందురు గదా? భయమున్నది నిజమే. కాని దాచిపెట్టిన సంగతి దాగియుండదు; మాట తడబడిన దినమున అది బయటపడును. అప్పుడు పోవునది మాట మాత్రము కాదు, పిల్లలపై నమ్మకము కూడ పోవును. నిజము మీద నిలిచిన నిరీక్షణ చిన్నదైనను కూలదు. మరియు అతిగా ఆశించినవారు మంచి ఫలితము వచ్చినను తృప్తి చెందరు. ఎంతమేరకో తెలిసినవారు కలిగిన మేలునకు సంతోషింతురు.

మరికొందరందురు: మన ఇండ్లలో పెద్దవారు పిల్లల మాటనే కోరుదురు, "నీ ఇష్టము నాయనా" అందురు, అదియే వారి సమ్మతి కాదా? ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మన కుటుంబములలో నిర్ణయము ఒక్కని సొత్తు కాదు. ఖర్చు, సేవ అందరిమీద పడును. అయితే పిల్లల యిష్టమునకు విడిచిపెట్టుట ఒకటి, పిల్లలకు భారము కారాదని నోరు మూసికొనుట వేరొకటి. రెంటికిని పైకి ఒకే మాట వచ్చును. ఆ తేడా తెలియుటకు తండ్రి ప్రక్కను తీరికగా కూర్చుండవలెను, రెండవసారి అడుగవలెను, ఆయన వద్దనినను కోపింపమని ముందుగనే చెప్పవలెను. వద్దనుటకు స్వాతంత్ర్యము లేనివాని ఔననుట సమ్మతి కానేరదు.

సంఘములో వినబడు మరియొక మాటను కూడ ప్రస్తావింతుము. చికిత్సకు పోవువారికి విశ్వాసము చాలలేదని గాని, మానుకొనినవారికి ధైర్యము చాలలేదని గాని ఎవరును తీర్పు తీర్చరాదు. ఆ భారము మోయుచున్నది వారు, మనము కాము.

లెక్క చూచుకొనుట

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి, ముగించుటకు చాలినంత యున్నదో లేదో లెక్కచూచుకొనునని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పెను. గోపురములవంటి మేడల నడుమ నివసించు మనకు ఆ మాట బాగుగా తెలియును. ఈ చికిత్సకు లక్షలలో ఖర్చగును; బ్యాటరీ మార్చునప్పుడెల్ల మరల ఖర్చగును. కాని రూపాయల లెక్క మాత్రమే చాలదు. మోతాదు సరిచేయుటకు పలుమారులు ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు? మాట తగ్గినచో ఓపికతో ఎవరు విందురు? ఉల్లాసము హద్దు మీరినచో ఎవరు గుర్తింతురు? ఆపరేషను దినమున ఆసుపత్రి వరండాలో పదిమంది కూడుదురు; ఆరు నెలల తరువాత ఒక్కరైనను వచ్చి ప్రక్కను కూర్చుందురా? సంఘముగా మనము చేయగల సేవ ఇక్కడనే యున్నది.

గనుక ప్రియ చదువరులారా, మీ ఇంటనో మీ ప్రక్క ఇంటనో ఈ నిర్ణయము ఎదురైన దినమున, వైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఒక సాయంకాలము ఫోనులు ప్రక్కనుంచి, రోగి యొద్ద కూర్చుండుడి. మూడు సంగతులు అడుగుడి. దినములో ఏ పని చేయలేకపోవుట మీకు మిక్కిలి బాధ కలిగించుచున్నది? ఏది పోయినను ఓర్చుకొందురు గాని, ఏది పోయిన ఓర్చుకొనలేరు? ఫలితము మనమనుకొన్నంత రానియెడల మా వలన మీకేమి కావలెను? జవాబు నెమ్మదిగా వచ్చును. ఈ వ్యాధిగలవారికి మాట పెగలుటకు సమయము పట్టును. వారి మాటను మీరే ముగింపకుడి. ఆ జవాబును వ్రాసికొని వైద్యుని చేతికిండి. వైద్యుడు చూపు స్కానులతోపాటు ఆ కాగితము కూడ బల్లమీద నుండవలెను.